కొనేముందు మూత తీసి చూడరా

నెల్లూరు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఒంగోల్లో ఎండలెలా ఉన్నాయో ఒక్క ముక్కా లేదు గానీ, షాపులో కంప్యూటర్ ఆన్ చేసి టీ తాగొచ్చినా విండోస్ లేవట్లేదని మాత్రం రెండు పేజీలు రాశావు. పెళ్లిళ్ల రోజుల్లో శుభలేఖలు వేసేవాడికి అదెంత టెన్షనో నాకు తెలుసు. కొత్త కంప్యూటర్ కొనకు. చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీ డ్రైవ్ పెట్టించు, చాలు.

ఎస్ఎస్‌డీల్లో బాగా వేగమైన రకం, ఎన్‌వీఎంఈ, తీసుకోమన్నారని రాశావు కదా? తొందరపడకు. ముందు కేబినెట్ మూత తీసి, మదర్‌బోర్డు మీద దాన్ని గుచ్చే సన్నటి గాడి, ఎం.2 స్లాట్, ఉందేమో చూడు. ఉన్నా కొన్నిటిలో సాటా అనే పాత, నిదానమైన రకమే పనిచేస్తుంది. నీది పదేళ్ల నాటిది కాబట్టి మామూలు రెండున్నర అంగుళాల సాటా డ్రైవే మేలు. ఎన్‌వీఎంఈలు సెకనుకు 3,500 ఎంబీ, ఆ పైన కూడా చదువుతాయి, సాటా 550 దగ్గర ఆగుతుంది, నిజమే. కానీ నీ బాధ ఆ అంకెల్లో లేదు రా. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, హెడ్ ఆ చోటికి కదలాలి. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్ల కోసం అది అటూ ఇటూ పరిగెడుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలేదేమీ లేదు. ఆ ఎదురుచూపు సాటాతోనే పోతుంది.

మిగిలిన డబ్బు నాణ్యత మీద పెట్టు. ఎస్ఎస్‌డీ లోపలి మెమరీలో రకాలుంటాయి, క్యూఎల్‌సీ కన్నా టీఎల్‌సీ అడుగు. క్యూఎల్‌సీ చవకే, కానీ పెద్ద ఫైళ్లు వరసగా ఎక్కిస్తే కాసేపటికి మందగిస్తుంది, త్వరగా అరుగుతుంది కూడా. క్రూషియల్ కంపెనీ డ్రైవుల్లో బీఎక్స్500కి 3 ఏళ్ల వారంటీ, ఎంఎక్స్500కి 5. ఎంఎక్స్500 దొరికితే వదలకు. దాని 500 జీబీకి మొత్తం 180 టెరాబైట్ల డేటా రాసేదాకా హామీ ఉంది. రోజూ 50 జీబీ రాసినా పదేళ్లకు దగ్గరగా వస్తుంది.

పేరూ ఊరూ లేని డ్రైవ్ మాత్రం వద్దు. పోయినేడు ఆన్‌లైన్‌లో 1 టీబీ అని చవగ్గా వస్తే కొన్నా. నాన్నతో పెంచలకోన వెళ్లినప్పటి ఫొటోలు అందులోకి ఎక్కించా. పేర్లు కనిపిస్తాయి, సగం తెరుచుకోవు. లోపల ఉన్నది కొద్దిపాటి మెమరీ, పైకి చూపించేది 1 టీబీ. పాత డిస్క్ చెరపలేదు కాబట్టి ఫొటోలు దక్కాయి. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అందుకే నీ పాత డిస్క్‌ని పారేయకు, కస్టమర్ల ఫైళ్లకు రెండో కాపీగా అందులోనే ఉండనీ.

డ్రైవ్‌తో పాటు ఒక సాటా కేబుల్ కూడా కొనిపెట్టు. శనివారం సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తా, క్లోనింగ్, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదాంట్లోకి ఎక్కించడం, నేనే చేస్తా. మలై కాజా తెస్తున్నానని చెల్లెమ్మకి చెప్పు.

నీ
రమణ