వార్షిక నివేదిక 2024–25: పెంపుడు కుక్కలు, పిల్లుల టీకాల పని

సభ్యులందరికీ నమస్కారం.

రోడ్లు, డ్రైనేజీ, వీధి దీపాల సంగతులు, జమాఖర్చులు విడి కాగితాల్లో ఇచ్చాం. ఇది కుక్కలకు, పిల్లులకు టీకాలు వేయించిన పని గురించి మాత్రమే. "కుక్కలకు కూడా నివేదికా?" అని కార్యవర్గంలోనే ఒకరు నవ్వారు. కానీ ఈ ఏడాది మన విజయవాడ సింగ్‌నగర్ కాలనీలో ఎక్కువ గొడవ జరిగిందీ, ఎక్కువ మంది ఒకచోట చేరిందీ దీనికే.

వేసవిలో సర్వసభ్య సమావేశం గుర్తుండే ఉంటుంది. సంఘం డబ్బు కుక్కలకెందుకని పెంచుకోని ఇళ్లవాళ్లు అడిగారు. అడగడం న్యాయమే. అప్పుడు మూడో లైను మాస్టారు లేచి, "కుక్క నాది కాదయ్యా, అది కరిస్తే పిక్క మాత్రం నాదే" అన్నారు. అంతటితో సగం గొడవ సద్దుమణిగింది. మందు ఖర్చు పెంచుకునేవాళ్లది, టెంటు, ఐసు, సిరంజిలు, డాక్టరుగారి రాకపోకలు సంఘానివి అని తేలింది.

మొదటి అడుగు జూలై 6న. పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మెయిస్టర్ అనే కుర్రవాడికి 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్ రేబిస్ టీకా తొలి డోసు వేయించాడు. దాని గుర్తుగా జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం జరుపుతారు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు రేబిస్ టీకా ఉచితం. మనవాళ్లు ఆటోలు కట్టించుకుని వెళ్లారు. ఒక లాబ్రడార్ ఆటో ఎక్కనంటే ఎక్కనని మొండికేస్తే, వాళ్ల అబ్బాయి దాన్ని నడిపించుకుంటూనే వచ్చాడు.

ఆ రోజు జరిగిన మంచితోపాటు ఒక పొరపాటూ మొదలైంది. "సూది పడింది, ఇక ఏ రోగమూ రాదు" అనుకున్నారు చాలామంది. మేమూ విడమరిచి చెప్పలేదు. రేబిస్ టీకా రేబిస్‌ ఒక్కదానికే. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్, లెప్టో లాంటి రోగాలకు వేరే టీకా ఉంది. మెడికల్ షాపుల్లో ఫైవ్ ఇన్ వన్, సెవెన్ ఇన్ వన్ అంటారే, అది.

ఆ తేడా ఆగస్టులో తెలిసొచ్చింది. రెండో లైనులో ఒక ఇంటివాళ్లు రెండు నెలల కుక్కపిల్లను కొన్నారు. అమ్మినతను "అన్ని ఇంజెక్షన్లూ అయిపోయాయి" అని కార్డు చేతిలో పెట్టాడు. కార్డులో తేదీలున్నాయి. డాక్టరు సంతకం లేదు, మందు సీసా మీది లేబులూ అంటించలేదు. పది రోజులకు వాంతులు, రక్తవిరేచనాలు. పార్వో. మూడో రోజుకు పోయింది. ఆ ఇంటి పాప వారం రోజులు బడికి వెళ్లలేదు. కార్డు చూసేటప్పుడు ముందు చూడాల్సింది లేబులు, సంతకమేనని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాం.

ఇంకో సంగతి. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మనం రోజూ తుడిచే ఫినాయిల్‌ను నమ్ముకోలేం. బ్లీచింగ్ నీళ్లే పోసి కడగాలి. ఆ ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను వెంటనే తేవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

"పిల్లకు అన్నిసార్లు ఎందుకు, ఒక్కసారి వేస్తే చాలదా?" అని అడిగినవాళ్లకు ఆయన చెప్పింది ఇదీ: తల్లి జున్నుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుంది. అది ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అదెప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. రేబిస్ మూడు నెలలకు. తర్వాత ఏడాదికి బూస్టర్, అంటే రక్షణ తగ్గకుండా మళ్లీ వేసే సూది.

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మన ఇళ్లలోకి వచ్చింది. ఆ రోజుల గురించి మీకు నేను చెప్పేదేముంది? మేడల మీద మనతోపాటు కుక్కలూ ఉన్నాయి. పడవలో వచ్చిన పులిహోర పొట్లంలో వాటికీ ఒక ముద్ద పెట్టాం. సెప్టెంబర్ 28న, రేబిస్ దినాన, పెట్టాలనుకున్న శిబిరం ఆగిపోయింది. నీళ్లు తీశాక లెప్టో భయం పట్టుకుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు, బురద నుంచి కుక్కకూ వస్తుంది, మనిషికీ వస్తుంది. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆగకూడదు. కాలికి పుండున్నవాళ్లు బురద ఎత్తే పనిలోకి దిగవద్దని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇల్లు కడిగే హడావుడిలో మాకు తోచలేదు.

అక్టోబర్‌లో శిబిరం పెట్టాం. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. వరదలో సగం ఇళ్ల ఫ్రిజ్‌లు పాడయ్యాయి కనుక ఐస్ బాక్స్ కొన్నాం. అందులో సీసాలు నేరుగా ఐసుకు తగలకుండా మధ్యలో అట్ట పెట్టాం. సూది పడ్డాక అరగంట కూర్చోబెట్టాం, మూతి వాచినా, దద్దుర్లు లేచినా డాక్టరుగారు పక్కనే ఉంటారని.

పిల్లుల సంగతి మేం మర్చిపోయాం. కరపత్రంలో కుక్కలనే రాశాం. అయినా నాలుగో లైను అమ్మమ్మగారు రెండు కూరగాయల బుట్టలు ఒకదానిమీద ఒకటి బోర్లించి, తాడు కట్టి, అందులో పిల్లిని పెట్టుకుని వచ్చారు. ఇంకొకరు దిండు గలీబులో తెచ్చారు. పిల్లికీ రేబిస్ వస్తుంది, దాని గోరు, పన్నూ తక్కువేం కాదు. దానికి ట్రైక్యాట్ అని ఇంకో టీకా ఉంది, పిల్లుల పార్వో లాంటి పాన్‌ల్యూకోపీనియాకు, జలుబు రోగాలు రెండింటికి. ఆ రోజు మా దగ్గర లేదు. రేబిస్ ఒక్కటే వేసి పంపాం. అమ్మమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాం.

రెండో డోసు రోజున మాత్రం టెంటు సగం ఖాళీ. అసలు పని శిబిరం కాదు, ఆ తర్వాత చేసే ఫోన్లని అప్పుడు అర్థమైంది. తేదీలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, ముగ్గురు ఆడవాళ్లు వంతులేసుకుని ఫోన్లు చేశారు. "ఊళ్లో లేం", "కుక్క బాగానే ఉందిగా", "ఇప్పుడే స్నానం చేయించాం". అన్నీ విన్నారు. అయినా ఎక్కువమందిని రప్పించారు. ఈ ఏడాది సంఘంలో ఎవరికైనా శాలువా కప్పాలంటే వాళ్లకే కప్పాలని నా అభిప్రాయం.

సంక్రాంతికి వచ్చిన ఒక చుట్టాన్ని మన కాలనీ కుక్కే కరిచింది. టీకా కార్డు సరిగ్గానే ఉంది. కానీ పెద్దాయన ఒకరు గాయానికి కారం అద్దబోయారు. దయచేసి కారం, సున్నం, పసరు ఏవీ వద్దు. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకా ఉన్నా సరే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత మాట. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా 0 (మొదటి సూది పడిన రోజు), 3, 7, 28 రోజుల్లో.

వీధికుక్కల దగ్గర మేం విఫలమయ్యాం. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ పాకడం ఆగుతుందంటారు. పెంపుడువాటితోనే ఆ లెక్క తేలదు. నగరపాలక సంస్థకు అర్జీ ఇచ్చాం, మళ్లీ ఇస్తాం.

ఈసారి జూలై 6కు ఆటోలు మళ్లీ కడతాం. కార్డు, గొలుసు తప్పనిసరి. కరిచే కుక్కకు మూతిబుట్ట పెట్టండి. ట్రైక్యాట్ కావాల్సినవాళ్లు నెల ముందే పేరు రాయించండి, తెప్పిస్తాం. సంఘం ఐస్ బాక్స్ ప్రస్తుతం కూల్‌డ్రింకుల కోసం ఒకరి గృహప్రవేశానికి వెళ్లింది. తీసుకున్నవారు జూన్‌లోగా కడిగి తిరిగి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి