తిట్టినా కేసు లేదని ఎవరన్నారు?

అయ్యా,

బండి నడుపుతూ తిడితే మోటారు వాహనాల చట్టంలో శిక్ష లేదని మొన్న జిల్లా పేజీలో రాశారు. నిజమే, 1988 నాటి ఆ చట్టంలో లేదు. అక్కడికే ఆపేస్తే ఎట్లా? గడియారం సెంటర్లో ఆటో అడ్డం పెట్టి ఆడా మగా చూడకుండా బూతులు లంకించుకునేవాళ్లకు మీరే భరోసా ఇచ్చినట్టయింది.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత ఉంది కదా! నలుగురు తిరిగే చోట ఇతరులకు ఇబ్బంది కలిగేలా బూతులు మాట్లాడితే సెక్షన్ 296: మూడు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆడవాళ్ల గౌరవాన్ని కించపరిస్తే 79, మూడేళ్ల దాకా. చంపుతానంటే 351. ఎస్సీ, ఎస్టీలను జనం ముందు కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం. అద్దాలు ఎక్కించుకుని తనలో తాను గొణుక్కునేవాడి జోలికి మాత్రం ఏ సెక్షనూ పోదు. ఇక ప్రయాణికులతో దురుసుగా మాట్లాడే డ్రైవర్ల లైసెన్సు సంగతి చూడడానికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వది ఉంది. రవాణా శాఖ దాన్ని ఎప్పుడు బయటికి తీస్తుందో మరి.

కేసులు నిలవకపోవడానికి ఫిర్యాదు రాసే తీరూ కారణమే. ‘రాయరాని మాటలతో తిట్టాడు’ అని మర్యాదగా రాస్తారు. ఏ మాటలని కోర్టు అడిగితే కాగితంలో ఉండవు. ఉత్త తిట్లు 294(బి) (ఇప్పటి 296కు ఐపీసీలో ఉన్న పాత సెక్షన్) కిందికి రావు, విన్నవాళ్లకు ఇబ్బంది కలిగిందని తేలాలని పాత ఐపీసీ కేసులో 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని సిగ్గుపడకుండా అన్న మాట అన్నట్టే రాయాలి. టైము, బండి నంబరు, పక్కనున్న కొట్టువాళ్లలాంటి విన్న సాక్షులు ఉండాలి. వీడియో తీస్తే వాట్సాప్‌లో పంపి డిలీట్ చేయొద్దు. తీసిన ఫోనే అసలు సాక్ష్యం.

స్టేషన్లో ఇంకో తిరకాసు. 296 అయితే పోలీసులే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. రెచ్చగొట్టే అవమానానికి పెట్టే 352 ఒక్కటే రాస్తే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తుకు వీల్లేదు. ఏది రాస్తే చేతులు దులుపుకోవచ్చో అక్కడ బాగా తెలుసు. కేసు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకుంటే మేజిస్ట్రేటుకు. హెల్మెట్ లేనివాడి ఫొటో రెప్పపాటులో కొట్టేసే కెమెరా సార్లకు పక్కనే పేలుతున్న బూతులు వినపడవు. చలానా టార్గెట్‌లో తిట్లు లేవు కాబోలు. ఒక్కోసారి ఆ తిట్లు ఖాకీ చొక్కా నుంచే వస్తాయి, అది వేరే లేఖ.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజులో వేయండి.

– ఒక పాఠకుడు, రామగిరి, నల్లగొండ