చెల్లెలి చేతిలో అన్నయ్య పళ్ళెం

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

పరీక్షల తేదీలు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ నెల వేరే సంగతి రాస్తున్నాను.

డొక్కా సీతమ్మ గారి పేరుతో పెట్టే మధ్యాహ్న భోజనం అయ్యాక మన బడిలో ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి. తొమ్మిదో తరగతి అబ్బాయిలు కొందరు తమ పళ్ళాలు ఆరో తరగతి చదివే చెల్లెళ్ళకిచ్చి ఆటకి పోతున్నారు. ఒకణ్ణి పిలిచి అడిగితే, "ఇంట్లో కూడా అదే కడుగుద్ది సార్" అన్నాడు. పొగరుగా అనలేదు. అందులో తప్పేముందో వాడికి నిజంగా తెలియలేదు.

కోనసీమలో ఈ మాట వినడం నాకు వింతగా ఉంది. తల్లులు కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపుతుంటే, ఇక్కడ వంట చేసి, కూతురికి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపే నాన్నలు మన ఊళ్ళల్లో ఎందరో ఉన్నారు. ఎవరో చెబితే మారినవాళ్ళు కాదు, అవసరం నేర్పింది. మొదట్లో జడలు ఎగుడుదిగుడుగా ఉండేవి. ఇప్పుడు కొందరి జడ సాయంత్రం దాకా చెదరదు.

మా తాతల కాలంలో పెద్దవాళ్ళ ముందు మగవాడు సొంత బిడ్డను ఎత్తుకుంటే సిగ్గులేనివాడనేవారు. మా నాన్న తరానికి ఉద్యోగమే పురుష లక్షణం. జీతం తెచ్చిస్తే చాలు, పిల్లలు ఏ క్లాసో తెలియకపోయినా ఎవరూ అడగరు. ఇప్పుడు బిడ్డ పుడితే ప్రభుత్వోద్యోగం చేసే తండ్రికి 15 రోజుల సెలవుంది. ఆ సెలవు పెట్టిన ఒక మాస్టారిని "నువ్వేమన్నా బాలింతవా?" అని ఏడిపించింది తోటి మగ టీచర్లే, అది వేరే విషయం.

2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, రోజులో ఇంటి పనికి చేయి వేసే మగవాళ్ళు నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. మన ఊరి నాన్నలు ఆ 26 మందిలోవాళ్ళే. కానీ చాలామంది ఆ పనిని "మీ అమ్మ వచ్చేదాకా" అనుకుంటూ చేస్తారు. నలుగురిలో చెప్పుకోరు, కొడుక్కి నేర్పరు. తండ్రి లేని పూట గరిటె కూతురి చేతికే వెళుతుంది. "మగపిల్లాడు, వాడికెందుకు" అని నాన్నమ్మ అంటుంది. మిగతాది ఫోన్‌లో రీల్స్ నేర్పుతున్నాయి: కండలు, బైకు, అమ్మాయిల్ని లెక్కచేయకపోవడం.

ఇంకోటి, ఇదే నాకు ఎక్కువ టెన్షన్. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని సామెత. అమ్మ మీద బెంగ పెట్టుకున్న అబ్బాయి అందుకే ఏడవడు, పక్కవాణ్ణి కొడతాడు. మా దగ్గరికి అది అల్లరి కేసుగా వస్తుంది. దేశంలో ఆత్మహత్య చేసుకునేవాళ్ళలో పదిమందికి ఏడుగురు మగవాళ్ళే. పిల్లాడు ముభావంగా ఉంటే "మగాడివిరా" అని ఊరుకోబెట్టకండి, ఏమైందో అడగండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

సోమవారం నుంచి వడ్డన వంతుల్లో అబ్బాయిలు కూడా ఉంటారు. పళ్ళాల దగ్గర నేనే నిలబడతాను. ఇంట్లో రాత్రి గిన్నెలు కొడుకుల వంతు చేయమని నాన్నలను కోరుతున్నాను.

రెండో శనివారం సాయంత్రం ఏడున్నరకి సమావేశం. కువైట్‌లో అప్పుడు ఐదవుతుంది కాబట్టి, వీలున్న తల్లులు వాట్సాప్ వీడియో కాల్‌లో కలవొచ్చు. నంబరు క్లాస్ టీచర్‌కి ముందే ఇవ్వండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయుడు