నలభై నిమిషాలు కూర్చోగలిగేది ఎవరు?

టాంపా,
అక్టోబరు 18

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజీ విన్నాను. "డిస్నీలో క్రిస్మస్ పాటల ప్రోగ్రాం ఉందట కదా, అందరం వెళ్లొచ్చా లేదా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్తే నువ్వు ఊరుకోవు, మళ్లీ ఫోన్ చేసి ఎందుకు, ఏమిటి, ఎలా అని పీకుతావు. అందుకే కూర్చొని రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. మీ ఇంట్లో చివరి మాట ఎలాగూ తనదే.

ముందు జవాబు చెప్పేస్తా. బాబాయికి, పాపకి బ్రహ్మాండంగా నప్పుతుంది. పిన్నికి నప్పుతుంది కానీ ముందే అన్నీ విడమరిచి చెప్పి తీసుకెళ్లాలి. చెల్లెమ్మకి ఆ పూట కాస్త ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. చిన్నోడికి అస్సలు నప్పదు. వాడికి నప్పదు కాబట్టి నీకూ నప్పదు, వాణ్ణి ఎత్తుకుని బయట తిరగాల్సింది నువ్వే గనక. ఇక మిగతాదంతా వివరణ.

దాని పేరు క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో ఉన్న పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాదు, ఎప్‌కాట్‌లో జరుగుతుంది. అక్కడ ఒక చెరువు చుట్టూ ఒక్కో దేశం పేరుతో ఒక్కో భవనం ఉంటుంది. నవంబరు ఆఖర్లో మొదలై దాదాపు డిసెంబరు చివరిదాకా, రోజూ సాయంత్రం మూడు ఆటలు. డిస్నీ అనగానే మనం ఊహించుకునేవేవీ అందులో ఉండవు. మిక్కీ రాడు, శాంటా రాడు, ఎవరూ తాడు కట్టుకుని గాల్లో ఎగరరు. బాకాలు మోగుతాయి, గాయకులు చేతుల్లో కొవ్వొత్తులతో వరసగా నడిచి వచ్చి వేదికంతా నిండిపోతారు. మధ్యలో ఆకుపచ్చ అంగీలవాళ్లు మెట్లు మెట్లుగా నిలబడితే దూరానికి క్రిస్మస్ చెట్టులా ఉంటుంది. 50 మంది వాద్యబృందం. ఎవరో ఒక పేరున్న నటుడో నటీమణో వచ్చి బైబిల్లోని యేసు పుట్టుక కథ చదువుతారు. కొంచెం చదవడం, ఒక పాట, మళ్లీ కొంచెం చదవడం, మళ్లీ పాట. సుమారు నలభై నిమిషాలు. అయిపోయింది.

పాట పాటే, రికార్డు పెట్టి పెదాలు ఆడించడం కాదు. పాడేవాళ్లలో కొందరు డిస్నీ ఉద్యోగులు. పగలంతా వేరే వేరే పనులు చేసుకునేవాళ్లే రిహార్సళ్లకి వెళ్లి నేర్చుకుని పాడతారు. ఇంకా వేరే ఊళ్ల నుంచి హైస్కూల్ బృందాలు, చర్చి బృందాలు వస్తాయి. వాళ్లు ముందుగా దరఖాస్తు పెట్టి, తమ పాట వినిపించి, ఎంపికైతేనే వేదికెక్కుతారు. ఈ ముక్క పాపకి తప్పకుండా చెప్పు. స్కూల్ కోయిర్‌లో ఆల్టో, అంటే కింది స్థాయి గొంతు, పాడే పిల్లకి, తనకంటే నాలుగైదేళ్లు పెద్ద పిల్లలు అంత ఆర్కెస్ట్రా ముందు నిలబడి పాడటం చూడటం ఏ రోలర్ కోస్టరూ ఇవ్వని సరదా. ఇంటికొచ్చాక ఆ పిల్ల ఏమడుగుతుందో నాకు ఇప్పుడే తెలుసు. డబ్బులు దాచుకో.

ఇది ఈమధ్య టూరిస్టుల కోసం పుట్టించిన తంతు కూడా కాదు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955లో తెరిస్తే, 1958లోనే అక్కడ మొదలైంది. అప్పట్లో కోయిర్లు కొవ్వొత్తులు పట్టుకుని మెయిన్ స్ట్రీట్ మీదుగా పాడుకుంటూ వచ్చేవి. ప్రొసెషనల్ అంటే ఊరేగింపే కదా, పేరులోకి అది వచ్చింది అక్కణ్ణుంచే. ఫ్లోరిడాలో పార్కు తెరిచిన 1971లోనే ఇక్కడికీ తెచ్చారు, 1994 నుంచి ఎప్‌కాట్‌కి మార్చారు. కాలిఫోర్నియాలో కథ చదివినవాళ్లలో పాత హాలీవుడ్ నటులు జాన్ వేన్, క్యారీ గ్రాంట్ ఉన్నారు. ఇక్కడ నటుడు నీల్ ప్యాట్రిక్ హారిస్ చాలా ఏళ్లు చదివాడు. ఏ రోజు ఎవరో ముందే ప్రకటిస్తారు. నువ్వు మాత్రం ఆ పేర్లు చూసి రోజు ఎంచుకోకు. బాబాయికి వాళ్లెవరూ తెలీదు, పైగా బాగా పేరున్నవాడు వచ్చిన రోజు జనం రెట్టింపు.

ఇక నువ్వు మెసేజీలో గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న: "మరీ మతం మతంగా ఉంటుందా?" ఉంటుందిరా. దాన్ని మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. ఎప్‌కాట్‌లో చుట్టూ తిరిగితే ఏ దేశం వాళ్లు ఏ పండగ ఎలా చేసుకుంటారో చెప్పే కబుర్లు వినిపిస్తాయి, అవి వేరు. ఇది అచ్చంగా క్రీస్తు జననం, బైబిలు మాటల్లోనే. ఎవరూ బోధన చెయ్యరు, ఎవరూ నిన్నేమీ ఒప్పుకోమనరు, చందా పళ్లెం తిప్పరు. కానీ పాడేవాళ్లలో, వినేవాళ్లలో చాలామందికి అది ప్రార్థనే. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంటుంటే మనవాళ్లు వింతగా చూడకూడదు కదా.

నీకూ నాకూ ఇందులో కొత్తేముంది? బెజవాడలో మిషన్ స్కూల్లో చదివినవాళ్లం. డిసెంబరు వస్తే పశువుల పాక, ముగ్గురు జ్ఞానులు, నువ్వు మీ నాన్న కండువా తలకి చుట్టుకుని గొర్రెల కాపరి వేషం. మన వీధిలో రాత్రిపూట కేరల్స్ వాళ్లు డప్పు కొట్టుకుంటూ వస్తే మీ అమ్మే అరుగు మీద నిలబడి వినేది, వాళ్లకి చక్రకేళీలు పెట్టి పంపేది. అందుకే పిన్ని అభ్యంతరం చెబుతుందని నేననుకోను. కానీ చెప్పకుండా తీసుకెళ్తే నొచ్చుకుంటుంది. "డిస్నీ షో అమ్మా" అని కూర్చోబెట్టి, తీరా చర్చిలో ప్రార్థనలా మొదలైతే, "ముందే చెప్పొచ్చు కదరా" అనే ఆ ఒక్క మాట నిన్ను బెజవాడ దాకా వెంటాడుతుంది. బుక్ చేసేముందే ఫోన్లో చెప్పు: ఇది యేసు పుట్టిన కథ, పాటల్లో చెప్తారు, ఇష్టమైతేనే రా. రానంటే చిన్నోడితో పాటు నీ జట్టులో ఉంటుంది, ఏం కొంప మునగదు.

ఇంకోటి. ఆఖరు ఘట్టంలో హాండెల్ రాసిన హల్లెలూయా కోరస్ వస్తుంది. అప్పుడు మొత్తం జనం లేచి నిలబడతారు. ఎప్పుడో లండన్‌లో ఆ పాట వింటూ రాజుగారు లేచి నిలబడ్డాడని ఓ కథ చెప్పుకుంటారు, నిజమెంతో గానీ ఆచారం మిగిలింది. బాబాయికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే అయిపోయిందనుకుని బయటికి దారి వెతుకుతాడు. పిన్నికి మోకాళ్ల నొప్పి కాబట్టి కూర్చునే ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

బాబాయి సంగతి నాకు బెంగే లేదు. ఆరాధన రోజున పంచరత్నాలు నాట నుంచి శ్రీరాగం దాకా వందమందితో గొంతు కలిపే మనిషి. చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉండిపోతాడు చూడు. మన గోష్ఠిగానంలో అందరిదీ ఒకే వరస, ఇక్కడ ఒకే సమయంలో నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్లి మళ్లీ ఒకచోట కలుస్తాయి. ఆయన దాని మీద రాత్రంతా నీతో వాదిస్తాడు. అది నీ కర్మ.

ఇప్పుడు చిన్నోడు. నాలుగేళ్లవాడు, మధ్యాహ్నం నిద్ర లేదు, పొద్దుటి నుంచి నడిచి ఉన్నాడు, చుట్టూ లైట్లు. వాణ్ణి నలభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చోమనడం పాపంరా. ఆ నలభై కూడా లెక్క తక్కువే. ముందు లైన్లో నిలబడాలి, లోపలికెళ్లాక మొదలయ్యేదాకా ఆగాలి, వాడి దృష్టిలో అదంతా షోనే. వాడి చేతిలో ఫోన్ పెడితే కూర్చుంటాడు కదా అంటావేమో, ఆ చీకట్లో వెలిగే స్క్రీన్ వెనక వరసల వాళ్లకి ఎంత చిరాకో! వద్దు.

అనుమానంగా ఉంటే ఒక పరీక్ష చెప్తా. ఈ వేదికకి ఎదురుగానే అమెరికా భవనం ఉంటుంది. లోపల గుమ్మటం కింద వాయిసెస్ ఆఫ్ లిబర్టీ అని ఒక చిన్న బృందం పగటిపూట పాడుతుంది. ఏ వాద్యమూ లేకుండా, వట్టి గొంతులతో. క్రిస్మస్ రోజుల్లో ఆ పాటలే పాడతారు. కాసేపట్లో అయిపోతుంది, నేల మీద చతికిలబడి వినొచ్చు, పార్కు టికెట్టు తప్ప వేరే ఖర్చు లేదు. అక్కడ చిన్నోడు చివరిదాకా ఉంటే సాయంత్రం గురించి ఆలోచించు. మధ్యలోనే నీ చెయ్యి లాగితే తేలిపోయినట్టే. అసలు సాయంత్రం సభ కుదరకపోయినా ఇది మాత్రం వదలొద్దు. నన్నడిగితే గుమ్మటం కింద ఆ గొంతులు కలిసే తీరు పెద్ద సభ కంటే నాకు ఒక పిసరు ఎక్కువ ఇష్టం. మీ వదిన ఒప్పుకోదులే.

మరి ఆ గంటా గంటన్నరా వాడితో ఏం చేస్తావు? పక్కన ఇటలీ, దాని పక్కన జర్మనీ. ఆ జర్మనీ దగ్గర ఆరుబయట బుల్లి రైళ్లు తిరుగుతుంటాయి, బుల్లి ఊళ్లు, బుల్లి వంతెనలు. మీవాడికి రైలు పిచ్చి కదా, కంచె పట్టుకుని నిలబడితే కదలడు. ఇంకాస్త ముందుకెళ్తే చైనా దాటి నార్వే, అక్కడ ఫ్రోజెన్ సినిమా పడవ రైడ్ ఉంది, కానీ ఆ వారంలో దాని లైను చూస్తే నీకే ఏడుపొస్తుంది. రైళ్లతో సరిపెట్టు. తిరిగొచ్చేటప్పుడు ఆడిటోరియం వెనక నడిచే దారిలో కాసేపు ఆగితే నీకూ రెండు పాటలు దక్కుతాయి. ఆరుబయలు వేదిక కాబట్టి బయటికి బాగానే వినిపిస్తుంది, సందు దొరికితే కనిపిస్తుంది కూడా.

సీట్ల సంగతి. పార్కు టికెట్టు ఉంటే సభ ఉచితమే, కానీ లైన్లో నిలబడాలి, చోటు దొరుకుతుందన్న హామీ లేదు. మీరొచ్చేది క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య, ఏడాది మొత్తంలో జనం విరగబడే వారం. రెండో దారి, భోజనంతో కలిపి అమ్మే ప్యాకేజీ. ఎప్‌కాట్‌లోనే కొన్ని హోటళ్లలో తింటే సభలో చోటు ఖాయం. సీటు నంబరు ఇవ్వరు, కాబట్టి దానికీ ముందే వెళ్లాలి. మనిద్దరమే అయితే నేను ఛస్తే కొననివ్వను, ఆ డబ్బుకి మన ఇంట్లో పండగ భోజనం రెండుసార్లు పెట్టొచ్చు. కానీ పిన్నిని అంతసేపు లైన్లో నిలబెట్టలేం. అందుకని వాళ్లు నలుగురికీ కొను, నీకూ చిన్నోడికీ వద్దు. పిన్నికి శాకాహారం కాబట్టి బుక్ చేసేటప్పుడు ఏ హోటల్లో ఏముందో ఒక్కొక్కటీ చదువు. జర్మన్ బఫేలో మాంసం వాసనకే ఆవిడ లేచిపోతుంది. ఇక్కడ భోజనాల బుకింగులు 60 రోజుల ముందు తెరుస్తారు. డిసెంబరు 27కి కావాలంటే లెక్క వేసుకో, ఈ నెల 28. అంటే ఇంకా పది రోజులే. తెల్లవారుజామునే లేచి కూర్చోవాలి, తత్కాల్ టికెట్లు కొట్టిన చేతివే కదా.

ఆటల్లో మొదటిది ఎంచుకో. ఐదు దాటాక మొదలవుతుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి వెలుతుర్లో మొదలై చీకట్లో ముగుస్తుంది. మూడో ఆటకి లైను కొంచెం తక్కువని అంటారు గానీ అప్పటికి చలి. ఫ్లోరిడాలో చలేంటని నవ్వకు. పగలు 22 డిగ్రీలుంటే రాత్రి చెరువు గట్టున 11కి దిగుతుంది, బెజవాడ నుంచి దిగిన పిన్నికి అది హిమాలయమే. శాలువా, సాక్సులు, బాబాయికి మంకీ క్యాపు. సిగ్గుపడకు, పెట్టించు.

నడక మర్చిపోయాను. ఆ వేదిక ముఖద్వారానికి సరిగ్గా అటు చివర, చెరువుకి అవతలి ఒడ్డున. చెరువు చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. పెద్దవాళ్లని సగం చుట్టు కూడా నడిపించకు. గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకిస్తారు. లేదా ఇవతలి ఒడ్డున పడవ ఎక్కిస్తే జర్మనీ దగ్గరో మొరాకో దగ్గరో దింపుతారు. రెంటిలో ఎక్కడ దిగినా మధ్యలో ఒక్క దేశం దాటితే అమెరికానే. బాబాయి పడవ ఎక్కాడంటే ప్రకాశం బ్యారేజీ కబుర్లు మొదలు.

మీకు ఎప్‌కాట్‌కి ఒక్క రోజే ఉండి, పాప రైడ్లే కావాలని పట్టుబడితే మాత్రం ఈ సభ మానెయ్. సాయంత్రంలో మూడు గంటల సేపు దీనికే పోతుంది. అరమనసుతో కూర్చునేవాళ్లకి అది నష్టమే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిక్కీ క్రిస్మస్ పార్టీ అని ఒకటుంది కదా అన్నావు, దానికి టికెట్టు వేరే, పైగా మీరొచ్చేసరికి ఆ పార్టీ రాత్రులు అయిపోతాయి. దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

ఈ ఆదివారంలోగా పిన్నితో మాట్లాడి, నలుగురా ముగ్గురా తేల్చి నాకు చెప్పు. 28న నువ్వు డల్లాస్‌లో, నేను ఇక్కడ, ఇద్దరం ఫోన్లు పట్టుకుని కూర్చుందాం, ఎవరికి దొరికితే వాళ్లం కొట్టేద్దాం. పిన్ని బయల్దేరేముందు గోంగూర పచ్చడి రెండు పొట్లాలు ఎక్కువ పెట్టమని చెప్పు. ఒకటి మీ వదినకి, ఒకటి నాకు. కలిపి ఇస్తే నాకేం మిగలదు.

నీ,
బాబ్జీ