గినీ పందుల మేతలో సి విటమిన్ సంగతి

సంపాదకులకు నమస్కారం.

ఎలుకజాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులైన గినీ పందులకు కుందేళ్ల దాణా సరిపోతుందనుకోవడం పొరపాటు. కుందేళ్లకు భిన్నంగా ఇవి సి విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేవు. కిలో బరువుకు రోజుకు సుమారు 10 మిల్లీగ్రాములు, చూడితో ఉన్నవాటికి 30 దాకా మేతలోనే అందాలి. లేకుంటే కీళ్లు వాచి, కదలకుండా మూలన ముడుచుకుంటాయి, బొచ్చు గరుకెక్కుతుంది. దాణా సంచి మీద మాంసకృత్తులు 18 శాతమని చూసి మురిసిపోతాం గానీ తయారీ తేదీ చూడం. మామూలు గుళికల దాణాలో 90 రోజులు దాటాక ఆ విటమిన్ చాలావరకు పోతుంది. నీళ్లలో కలిపితే ఇంకా త్వరగా. కాబట్టి రోజూ పచ్చిమేత తప్పదు. అయితే కోసి కుప్పపెట్టగా వేడెక్కిన గడ్డి వేయకూడదు, పొట్ట ఉబ్బుతుంది. లూసర్న్ అనే పశుగ్రాసం పిల్లలకు మేలే. పెద్దవాటికి అదే పనిగా పెడితే కాల్షియం ఎక్కువై మూత్రాశయంలో రాళ్లు పడతాయి. మేత మార్చేటప్పుడు వారం, పది రోజులు పాతదానిలో కలుపుతూ పోవాలి.

– ఒక పెంపకందారు