నాలుగింటికే రమ్మన్నాం

చిరంజీవి అమ్మడికి, అమ్మ దీవెనలు.

అమ్మే ఇంటిని కొనేవాళ్ళ కంటికి నచ్చేలా సర్ది చూపించాలి, దాన్నే హోమ్ స్టేజింగ్ అంటారని నువ్వు ఫోన్‌లో చెప్పిన రోజున మీ నాన్న, "ఇల్లు అమ్ముకోడానికి స్టేజీ ఎక్కి నాటకమాడాలా?" అన్నారు. ఇప్పుడు ఆయనే అటకెక్కి కూర్చున్నారు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆషాఢంలో ఎలాగూ ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు, ఆ నెలంతా సర్దుడుకే పోయింది. ఎంవీపీ కాలనీలో ఒకే ఫ్లాట్లో 27 ఏళ్ళు కాపురముంటే ఎంత పోగుపడుతుందో అప్పుడు తెలిసింది. పెరుగు డబ్బాలే 43. తిరగని మిక్సీలు మూడు. గోడమీది క్యాలెండరు తీస్తే దాని వెనకాల ఇంకోటి, దాని వెనకాల 2011ది. సోఫాల్లో ఒకటి కింద వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. హాలు ఇంత పెద్దదా అని మేమే చూసుకున్నాం. నువ్వు చెప్పినట్టే నీ కప్పులు, మన ఫొటోలు తీసి పెట్టెలో పెట్టాను. సింహాచలం అప్పన్న పటం మాత్రం కదపలేదు. విశాఖపట్నంలో ఇల్లు కొనేవాళ్ళకి అప్పన్న పరాయివాడేం కాదు. ఈశాన్యం మూలన పాత కూలర్ ఉండేది చూడు, అది కూడా పోయింది. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే ఫోన్‌లో దిక్సూచి తీస్తున్నారమ్మా.

సముద్రపు గాలికి గ్రిల్స్ సంగతి నీకు తెలిసిందే. తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ పూయించి, పైన తెల్ల రంగు వేయించాం. గట్టిగా ఉప్పుగాలి వీస్తే ఎన్నాళ్ళుంటుందో.

ఇక అసలు సంగతి. నీ గదిలో కిటికీ పక్క గోడ గుర్తుందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ కిటికీ అద్దం పగిలి, రాత్రంతా పరుపు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ఆ గోడకి ఆనాటి నుంచి వానొస్తే చెమ్మే. పెయింటరు, "లప్పం పెట్టి రంగేస్తే రిజిస్ట్రేషన్ దాకా ఆగుతాదమ్మా" అన్నాడు. మీ నాన్న అదీ వద్దు, ఖర్చెందుకని బీరువా జరిపి అడ్డం పెట్టారు. నేనూ ఊరుకున్నాను, ఒప్పుకుంటున్నాను. పైగా గదిలో రూమ్ ఫ్రెషనర్ కొట్టింది నేనే.

మొదటి బేరం వాళ్ళతో ఒక పెద్దావిడ వచ్చింది. మిగతావాళ్ళు వంటింట్లో ప్లాట్‌ఫాం కొలుస్తుంటే, ఆవిడ నీ గది గుమ్మంలో నిలబడి రెండుసార్లు వాసన చూసింది. తిన్నగా వెళ్ళి బీరువా సందులోకి చెయ్యి పెట్టి, బయటికి తీసి వేళ్ళు చూసుకుంది. తెల్లటి సున్నప్పొడి. ఒక్క మాట అనలేదు. ఆ పొడి కొంగుకి తుడుచుకుని, కాఫీ వద్దని చెప్పి వెళ్ళిపోయింది. అరుస్తే బాగుండేది.

ఆ రాత్రి మీ నాన్నకీ నాకూ పెద్ద గొడవే. మర్నాడు మేస్త్రీని పిలిపించాం. బయటి గోడ పగులు, కిటికీ అంచు వెంబడే ఉంది. కుర్రాడు నడుముకి తాడు కట్టుకుని మూడో అంతస్తు నుంచి వేలాడుతూ పూడుస్తుంటే నా ప్రాణం పోయిందనుకో. లోపల పెచ్చులు గీకించి, 12 రోజులు ఆరబెట్టి, అప్పుడు లప్పం, రంగు. 18,500 అయింది. ఆ బిల్లు, ఇంటిమీద అప్పులూ తాకట్లూ ఉన్నాయో లేదో చూపించే ఈసీ, పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు ఉన్న ఫైల్లోనే పెట్టాను. గోడ చరిత్ర అడక్కుండానే చెబుతున్నాను. బ్రోకరు తల పట్టుకుంటున్నాడు, పట్టుకోనీ. లిఫ్టు లేదన్నదీ, మా మోకాళ్ళే అమ్మకానికి కారణమన్నదీ ముందే చెప్పమన్నాను. మెట్లెక్కి ఆయాసపడ్డాక తెలిస్తే ఇంకేం చూస్తారు?

నీ సలహాల్లో ఒకటి మార్చాను. లైట్లన్నీ వేసి చూపించమన్నావు. బ్రోకరు కూడా ఆఫీసులయ్యాక రాత్రి ఏడింటికి తెస్తానంటాడు. ఆ వేళకి ఈ ఇంట్లో ట్యూబులైటూ దోమలూ తప్ప ఏముంటాయి? పొద్దున్నైతే బాల్కనీలో ఎండ బాగుంటుంది గానీ ఒకటే ఉక్కపోత. సాయంత్రం నాలుగింటికి సముద్రం మీంచి గాలి బాగా వస్తుంది కదా, అప్పుడు రమ్మంటున్నాం. బాల్కనీ తలుపు, నీ గది కిటికీ తీసేసి ఫ్యాన్లన్నీ ఆపేస్తాను. మొన్న వచ్చినాయన ఏదో లెక్క అడుగుతూ అడుగుతూ ఆగి, పైకి చూసి, "ఫ్యాన్ వేయలేదా?" అన్నాడు. లేదన్నాను. ఇంకో పావుగంట కూర్చున్నాడు.

ఆయన ఈ ఆదివారం భార్యని తీసుకొస్తానన్నాడు. ఆదివారం కింది ఫ్లాటు వాళ్ళు వంజరం వేపుడు చేస్తారు, ఒంటిగంటకే కానిచ్చేయమని చెప్పి వచ్చాను, నవ్వారు.

అటక మీద నీ ట్రంకు పెట్టె ఒకటి తాళంతో ఉంది. తాళంచెవి నీ దగ్గరే ఉందా? మీ నాన్న పగలగొడతానంటున్నారు. శనివారం లోపు చెప్పు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ అమ్మ