ఆగిపోయే యాంప్‌కి "లోపం లేదు" అని రాసిచ్చిన మీ సర్వీస్ గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న 500 వాట్ల బేస్ యాంప్ (బేస్ గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే యాంప్లిఫయర్) ప్రోగ్రామ్ మధ్యలో మూగబోవడం, రెండుసార్లు బాగుచేయకుండానే తిప్పి పంపడం.

నమస్కారం.

మీ యాంప్ కొని 14 నెలలైంది. అందులో 2 నెలలు అది మీ సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. రెండుసార్లూ ఏ రిపేరూ చేయకుండానే తిరిగొచ్చింది. జాబ్ షీట్లలో ఒకటే మాట: "పరీక్షించాం, లోపం కనబడలేదు." రెండో షీటులో అదనంగా "వారంటీ వర్తించదు" అని కూడా రాశారు. లోపం ఎక్కడుందో నేను కనిపెట్టాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. ఫోన్‌లో మీవాళ్లెవరూ నా మాట చివరిదాకా విననందువల్ల అన్నీ ఇక్కడే రాయాల్సి వస్తోంది.

మొదటిసారి అది ఆగింది ప్రోగ్రామ్ మొదలైన 40 నిమిషాలకు. రెండో చరణంలోకి వచ్చాం, నేను ఇ స్ట్రింగ్ మీద ఉన్నాను. బేస్ వాయించేవాడికి శబ్దం చెవికంటే ముందు పిక్కలకు తెలుస్తుంది, వెనక స్పీకర్ల నుంచి వచ్చే గాలి ప్యాంటుకు కొడుతూ ఉంటుంది. ఆ గాలి ఆగిపోయింది. వేళ్లు ఆడుతున్నాయి, స్ట్రింగ్ అదురుతోంది, శబ్దం లేదు. డ్రమ్మర్ వాయిస్తూనే తల తిప్పి "అన్నా, ఏమైంది?" అని పెదాలతో అడిగాడు. నాకేం తెలుసు! వాల్యూమ్ తిప్పి చూశాను, మ్యూట్ బటన్ చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది, పవర్ లైటు వెలుగుతోంది. ఒళ్లు మండి యాంప్ నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాను. శబ్దం వచ్చేసింది. రెండు పాటల తర్వాత మళ్లీ పోయింది. ఆ రాత్రంతా నేను బేస్ ఎంత వాయించానో, యాంప్‌ని అంత వాయించాను.

ప్రోగ్రామ్ అయ్యాక సౌండ్ చూసే అబ్బాయిని అడిగితే, "నా దగ్గర ఎక్కడా కట్ అవలేదన్నా, బయట బేస్ బాగానే వినబడింది" అన్నాడు. అతని మిక్సర్‌కి వెళ్లేది యాంప్ వెనకున్న డీఐ అవుట్ లైను, అంటే నా స్పీకర్లతో పని లేకుండా నేరుగా వెళ్లే సిగ్నల్. అంటే స్టేజీ మీద నాకు వినబడని బేస్, కింద కూర్చున్నవాళ్లకు వినబడుతూనే ఉంది. ఈ ఒక్క ముక్కతో సగం అనుమానాలు తీరిపోవాలి. నా గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ అయిపోయినా, గిటార్ నుంచి యాంప్‌కి వచ్చే కార్డు (వైరు) తెగినా, యాంప్‌లో మొదటి భాగమైన ప్రీయాంప్ పాడైనా మిక్సర్‌కి కూడా ఏమీ వెళ్లేది కాదు. అయినా బ్యాటరీ మార్చాను, కార్డు మార్చాను, ఇంకో గిటార్ పెట్టి చూశాను. అన్నిటితోనూ ఆగింది. స్పీకర్ల మీద కూడా అనుమానపడి, అవే కేబుళ్లతో వాటికి స్నేహితుడి యాంప్ తగిలిస్తే రెండు గంటలు ఆగకుండా మోగాయి.

ఇవన్నీ కాగితం మీద రాసి యాంప్‌తో పాటు పెట్టి పంపాను. మీ మొదటి జవాబు: "వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఉంటుంది, గాలి ఆడేచోట పెట్టుకోండి." ప్రొటెక్షన్‌లోకి వెళితే, అంటే యాంప్ తనను కాపాడుకోవడానికి తానే శబ్దం ఆపేస్తే, ముందువైపు ఎర్ర లైటు వెలుగుతుందని మీ మాన్యువల్‌లోనే ఉంది. ఒక్కసారి కూడా వెలగలేదు. పైగా వేడెక్కి ఆగిన యాంప్ చల్లబడేదాకా తిరిగి రాదు. నాది చెయ్యి పడగానే వచ్చేస్తోంది. దెబ్బకి చల్లారే వేడిని నేనెక్కడా చూడలేదు.

రెండోసారి వచ్చిన జవాబు ఇంకా ఘోరం. నేను 4 ఓములకంటే తక్కువ లోడ్ పెట్టానట (ఓములు తగ్గేకొద్దీ స్పీకర్లు యాంప్ మీద వేసే భారం పెరుగుతుంది), అందుకని వారంటీ పోయిందట. నావి 8 ఓముల కేబినెట్లు (స్పీకర్ పెట్టెలు) రెండు. ప్యారలల్‌గా కలిపితే 4 ఓములు, మీ యాంప్‌కి మీరు చెప్పిన కనీస లోడ్ అదే. ఈ తక్కువ లోడ్ కథ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తర్వాత తట్టింది. మల్టీమీటర్‌తో కొలిచి తీసిన ఫోటో నేనే మీకు పంపాను. రెండు కేబినెట్లూ కలిపితే మీటర్ 3కి కాస్త ఎక్కువ చూపింది. మీ టెక్నీషియన్ ఆ 3 చూసి తీర్పు ఇచ్చేసినట్టున్నాడు. మీటర్ కొలిచేది కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్, స్పీకర్ మీద రాసే 8 ఓములు మోగేటప్పటి లెక్క. 8 ఓముల స్పీకర్ మీటర్‌లో 6 దగ్గర చూపడం మామూలే, రెండు కలిస్తే 3 దగ్గరకు వస్తుంది. యాంప్‌లు బాగుచేసేవాళ్లకి ఈ సంగతి నేను చెప్పాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది. కేబుళ్ల గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నా: రెండు వైపులా తిప్పి లాక్ చేసే స్పీకాన్ ప్లగ్గులున్న స్పీకర్ కేబుళ్లే వాడాను. గిటార్ కార్డుని స్పీకర్‌కి పెట్టేంత కొత్తవాణ్ణి కాను.

ఇక అసలు విషయం. మీ మాన్యువల్ చివరి పేజీలో బ్లాక్ డయాగ్రమ్ ఉంది. అందులో ప్రీయాంప్ తర్వాత డీఐ లైను విడిపోతుంది, ఆ తర్వాత ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెట్టెలు కలుపుకోవడానికి సిగ్నల్ సెండ్ జాక్‌లో బయటకు పోయి రిటర్న్ జాక్‌లో లోపలికి వచ్చే దారి), ఆ తర్వాత స్పీకర్లను మోగించే పవర్ యాంప్. డీఐ బాగుండి స్పీకర్ ఆగిపోతోందంటే రోగం లూప్‌లో ఉండాలి, లేదా పవర్ యాంప్‌లో ఉండాలి. ఒక ఆదివారం యాంప్‌ని కేబినెట్ల మీద పెట్టి, ప్రోగ్రామ్‌లో పెట్టుకునేంత వాల్యూమ్‌లో, ఐదు స్ట్రింగుల గిటార్ మీద అన్నిటికంటే కింది స్థాయిలో మోగే 31 హెర్ట్జ్ బి స్ట్రింగ్‌నే ఎక్కువగా వాయిస్తూ కూర్చున్నాను. 35 నిమిషాలకు ఆగింది. ఈసారి కొట్టలేదు. జానెడు ప్యాచ్ కేబుల్ తీసుకుని ఒక కొస సెండ్ జాక్‌లో, రెండో కొస రిటర్న్ జాక్‌లో పెట్టాను. వెంటనే శబ్దం వచ్చింది. రిటర్న్ వైపు ప్లగ్ మెల్లగా తీశాను, పోయింది. పెట్టాను, వచ్చింది. అలా ఆరుసార్లు చేశాను. ఏడోసారి తీశాక మాత్రం శబ్దం పోలేదు, ఆ తర్వాత మూడు వారాలు యాంప్ బుద్ధిగా పనిచేసింది.

కారణం మీకు తెలియనిది కాదు. లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సిగ్నల్ రిటర్న్ జాక్ లోపలి చిన్న రేకు మీదుగా పవర్ యాంప్‌కి వెళుతుంది. ప్లగ్ పెడితే ఆ రేకు పైకి లేచి, దారి ప్లగ్ వైపు మారుతుంది. నేను లూప్ వాడను. అంటే ఆ రేకు ఫ్యాక్టరీలో బిగించిన రోజు నుంచి కదల్లేదు. దాని మీద మైల పట్టిందో, స్ప్రింగ్ పట్టు తగ్గిందో, యాంప్ వేడెక్కి కేబినెట్ అదురు కూడా తోడయ్యేసరికి కాంటాక్ట్ విడిపోతోంది. చేత్తో కొడితే కలుస్తోంది. ప్లగ్ నాలుగుసార్లు తీసి పెడితే రేకు రాపిడికి శుభ్రపడి, కొన్నాళ్లు బాగుంటోంది. జాక్ దగ్గర సోల్డరింగ్ వదులైందేమో కూడా చూడాలి. మూత విప్పి నేనే చూసేవాణ్ణి. కానీ ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, పైగా మీ వారంటీ స్టిక్కర్ ఆ మూత మీదే ఉంది.

మీ టేబుల్ మీద ఇది ఎందుకు బయటపడదో మీ జాబ్ షీటే చెబుతోంది: "1 కిలోహెర్ట్జ్ టోన్, డమ్మీ లోడ్, 10 నిమిషాలు." డమ్మీ లోడ్ అంటే స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్, అది అదరదు, 10 నిమిషాల్లో యాంప్ పూర్తిగా వేడెక్కదు. ఇంకో అనుమానం కూడా ఉంది. పవర్ యాంప్‌ని విడిగా చూద్దామని మీవాళ్లు టోన్‌ని రిటర్న్ జాక్‌లోనే పెట్టి ఉంటారు. అలా పెట్టి తీస్తుంటేనే రేకు రాపిడికి శుభ్రపడి లోపం కొన్నాళ్లు మాయమవుతుంది. మీ దగ్గరనుంచి వచ్చిన ప్రతిసారీ మూడు నాలుగు వారాలు బాగుండి, తర్వాత మొదటికి రావడం అందుకేనేమో. అంటే మీరు తెలియకుండా బాగుచేసి, తెలిసి "లోపం లేదు" అని రాశారు.

ఇప్పుడు ప్యాచ్ కేబుల్ పెట్టుకునే ప్రోగ్రామ్‌లు నెట్టుకొస్తున్నాను. ఎవరైనా కాలు తగిలిస్తే అదీ ఊడుతుంది. డబ్బు పెట్టి కొన్న కొత్త యాంప్‌ని ఇలా వాడాల్సిన అవసరం నాకు లేదు.

నాకు కావాల్సింది చెబుతాను. సెండ్, రిటర్న్ జాక్‌లు రెండూ మార్చండి, క్లీనర్ కొట్టి సరిపెట్టొద్దు. ఆ చుట్టుపక్కల సోల్డరింగ్ చూడండి. "వారంటీ వర్తించదు" అన్న మాటను మీ రికార్డులో సరిదిద్ది, సరిదిద్దినట్టు నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. మీ దగ్గర గడిచిన 2 నెలలనూ వారంటీకి కలపండి. ఈసారి ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పి, అన్నాళ్లూ వాడుకోవడానికి ఇంకో యాంప్ ఇప్పించండి, ప్రోగ్రామ్‌లు ఒప్పుకుని ఉన్నాను. 15 రోజుల్లో జవాబు రావాలి.

బిల్లు కాపీ, సీరియల్ నంబరు, రెండు జాబ్ షీట్లు, ప్యాచ్ కేబుల్ తీసి పెడుతూ తీసిన వీడియో జత చేస్తున్నాను. యాంప్ పంపేటప్పుడు ఆ కేబుల్ తీసేసి, సెండ్, రిటర్న్ జాక్‌ల మీద టేపు అంటిస్తాను. మీ టెక్నీషియన్ గారికి ఒక్క మాట చెప్పండి: ఆ టేపు పీకకముందే యాంప్‌ని నిజమైన కేబినెట్ మీద పెట్టి, గట్టిగా, ఒక గంట వాయించి చూడమనండి.

ఇట్లు,
మీ యాంప్ కొన్న బేస్ గిటారిస్టు